ఆరు గీతల నూలు

పొందూరు ఖాదీ సంఘంలో
చిలపల లెక్క రాసే గుమస్తాని.
ముప్పై ఏళ్ళుగా ఈ చెయ్యి
అంకెల పక్కన సున్నాలు చుట్టడం తప్ప
వేరే విద్య ఎరగదు.

నూలు చూడ్డానికొచ్చిన జపాను పెద్దావిడ
వెళ్తూ వెళ్తూ నా బల్ల మీద
ఒక కుంచె, ఒక సిరాకడ్డీ, ఒక అభ్యాసం పుస్తకం
వదిలేసింది.
మరిచిపోయిందో, ఇచ్చిందో, ఇప్పటికీ తెలీదు.
స్టాకు రిజిస్టరులో ఏ పద్దు కింద ఎక్కించాలో తోచక
ఇంటికి తెచ్చుకున్నాను.

పొద్దున్నే సాన మీద గంధం తీసినట్టు
సిరాకడ్డీ అరగదీస్తాను.
పాత చిట్టాల వెనక పేజీలు
ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చాయి.

మన అక్షరం గుండ్రం.
గుడి కట్టినా, కొమ్మిచ్చినా, వత్తు తగిలించినా
జారుకుంటూ తిరిగి తన దగ్గరికే వస్తుంది.
ఇది అలా కాదు.
ప్రతి గీతా ఒకచోట ఆగాలి.
ఆగిన చోట కుంచె కాస్త కూచుని లేవాలి.
నాకు ఆ ఆగడమే రాలేదు.

మొదట నీళ్ళు. ఎడమ పక్క మూడు చుక్కలు,
అవి తగిలితే చాలు, ఏ అక్షరమైనా తడుస్తుంది.
తర్వాత రెండు గీతల మనిషి,
చెట్టుకి చేరబడితే విశ్రాంతి.
సరే, మా ఊళ్ళోనూ అంతే.
పదకొండో పేజీలో నూలు.

రెండు మెలికలు, ఒక చుక్క,
కింద వేలాడే మూడు పోగులు.
వంద సార్లు రాశాను.
వందా ఎండుమిరపకాయల్లా వచ్చాయి.

పాత బాకీ అడగడానికొచ్చిన సూరీడమ్మ
అరుగు మీద ఆరేసిన కాగితాలు చూసి
"ఏటి బాబూ ఇయ్యి?" అంది.
"నూలు" అన్నాను.
వంగి, కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.
"ఇది నూలేటి! మెలి సాల్లేదు.
కిందకొచ్చేసరికి తెగిపోద్ది."

బళ్ళో అడుగు పెట్టని మనిషి.
వాలుగ చేప దవడతో పత్తి దువ్వి దువ్వి
ఆమె వేళ్ళ గీతలు అరిగిపోయాయి.
మస్టరులో వేలిముద్ర వేస్తే
సగమే పడుతుంది.

నా పాండిత్యం కాస్త చూపించాలనిపించింది.
"నూలు పక్కన చలికాలం పెడితే
ముగింపు అని అర్థం."
ఆమె ఒప్పుకోలేదు.
"సలికాలం నూలు తెగదు బాబూ.
మంచుకి మెత్తగుంటాది.
తెగితే రోళ్ళు పగిలే ఎండల్లోనే.
ఆళ్ళకి సెప్పు."

ఎవరికి చెప్పను?
ఆ అక్షరం కట్టినవాడు
ఏనాడూ రాట్నం ముందు కూచుని ఉండడు.

"నూలు పక్కన అమ్మకం పెడితే
కొనసాగడం."
దానికి మాత్రం పడీపడీ నవ్వింది.
"అదీ మాట! అమ్మకపోతే ఏటి తింటాం?"

నూలు పక్కన తూర్పు పెడితే సాధన.
ఇది ఆమెకి చెప్పలేదు.
సముద్రం వైపు నుంచి గాలొచ్చి
కాగితాలు కదిలాయి, రాళ్ళు పెట్టుకున్నాను.

"ఓపాలి ఇలాగియ్యి" అని కుంచె తీసుకుంది.
ఏకులోంచి పోగు లాగేటప్పుడు
బిగబట్టే ఊపిరే పట్టింది.
లాగింది, ఆపింది, తిప్పింది.
మళ్ళీ లాగింది.
కదురు దగ్గర యాభై ఏళ్ళుగా
ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి అది.
సిరా ఆరేదాకా ఇద్దరం మాట్లాడలేదు.
బాకీ సంగతి ఆమె మరిచిపోయింది.
నేను గుర్తు చెయ్యలేదు. అది నా తప్పే.

శనివారం కూలి పంచే వేళ
సిరా దిండు పక్కకి తోసేసి
నా చేతిలో పెన్ను అడిగింది.
సంతకం గడిలో, గీత దాటకుండా,
ఆరు గీతలు.

ఆడిట్ వాళ్ళు ఏమంటారో అని
పక్కనే వేలిముద్ర కూడా వేయించాను.
అది ఎప్పటిలాగే
సగమే పడింది.